పది మార్కుల డెడ్‌లాక్

ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో డెడ్‌లాక్ అంటే మనందరికీ భలే ఇష్టం, ఎందుకంటే అది గ్యారంటీ పది మార్కులు. కాఫ్‌మన్ చెప్పిన నాలుగు షరతులూ రాసి, రెండు గుండ్రాలూ రెండు చదరాలూ గీసి బాణాలు పెడితే సగం మార్కులు చేతికొచ్చినట్టే. బ్యాంకర్స్ అల్గారిథమ్ టేబుల్ వేసి సేఫ్ సీక్వెన్స్ తేల్చేస్తే మిగతా సగం. పరీక్ష హాలు గడప దాటగానే ఆ నాలుగు షరతులూ మనల్ని వదిలేస్తాయి, మనమూ వాటిని వదిలేస్తాం.

డెడ్‌లాక్ సిలబస్‌లో ఉండటం మీద నాకు ఫిర్యాదు లేదు. సగమే ఉందన్నదే ఫిర్యాదు. 1971లో కాఫ్‌మన్, ఇంకో ఇద్దరు కలిసి రాసిన పేపర్లోంచి వచ్చిన షరతులు ఇవి: మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్, హోల్డ్ అండ్ వెయిట్, నో ప్రీఎంప్షన్, సర్క్యులర్ వెయిట్. నాలుగూ ఒకేసారి కలిస్తేనే పీటముడి పడుతుంది, ఏ ఒక్కటి తెంపినా విడిపోతుంది అని చెప్పి పుస్తకం ఊరుకుంటుంది. ఏది తెంపాలి? తెంపితే ఖర్చెంత? ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? ఇవి అడగదు. పైగా తర్వాతి పేజీలోనే బ్యాంకర్స్ అల్గారిథమ్ నేర్పుతుంది. ప్రతి ప్రాసెస్సూ తనకి గరిష్ఠంగా ఎంత కావాలో పుట్టగానే చెప్పేయాలట. మీ ఫోన్లో ఏ యాప్ అలా చెప్తుందో చూపించండి. లైనక్స్ దాని జోలికే పోదు.

ఆ అడగని ప్రశ్నలు రోజూ అడిగే చోటు ఒకటుంది. లైనక్స్ కెర్నెల్‌లో మెమరీ లెక్కలు రాసే భాగం. మెమ్‌సీజీ అంటారు, అంటే మెమరీ కంట్రోల్ గ్రూప్. ఐబీఎంలో పనిచేసిన బల్బీర్ సింగ్, ఓపెన్‌వీజెడ్ తరఫున పావెల్ ఎమెల్యానోవ్ మొదట్లో రాసిన ఈ కోడ్ 2008లో 2.6.25 వెర్షన్‌లో కెర్నెల్‌లోకి వచ్చింది. పేరు వినకపోయినా మీరు దీన్ని వాడే ఉంటారు. డాకర్‌లో కంటైనర్‌కి ఇంత మెమరీ అని పరిమితి పెడితే, ఆ పరిమితిని కాపలా కాసేది ఇదే. కంటైనర్ అకస్మాత్తుగా పోయి 137 అనే నంబర్ కనిపిస్తే, ఎక్కువసార్లు వెనక ఉండేది కూడా ఇదే. 128కి 9 కలిపితే 137. ఆ 9 అంటే చంపేయమనే సిగ్నల్.

పని చెప్పుకోవడానికి చాలా తేలిక. గ్రూపులో ఏ ప్రాసెస్ కొత్త పేజీ తీసుకున్నా లెక్కలో ఒకటి కలపాలి. వదిలేస్తే ఒకటి తీసేయాలి. పరిమితి దాటబోతే ముందు పాత పేజీలు ఖాళీ చేయించాలి. అదీ కుదరకపోతే గ్రూపులో ఒకర్ని చంపాలి. ఆ చంపే పని చేసేదాన్ని ఓఓఎం కిల్లర్ అంటారు, అవుట్ ఆఫ్ మెమరీ కిల్లర్ అన్నమాట. చూస్తే మన హాస్టల్ మెస్ రిజిస్టర్ లాంటిదే కదా! కానీ ఈ రిజిస్టర్ చుట్టూ పడ్డ పీటముళ్ళు విప్పడానికి ఏళ్ళు పట్టింది. వాటిలో ఒకదాన్ని కాస్త తీరిగ్గా చెప్తాను, ఎందుకంటే నా వాదన అంతా దాని మీదే నిలబడి ఉంది.

ఒకే గ్రూపులో రాము, సోము అని రెండు ప్రాసెస్‌లు ఉన్నాయనుకుందాం. రాము ఒక ఫైల్లో రాస్తున్నాడు. రాసేటప్పుడు ఇంకొకరు అదే ఫైల్ని కెలక్కుండా ఆ ఫైల్ ఐనోడ్ మీద ఉండే మ్యూటెక్స్ తీసుకున్నాడు. రాయడానికి పేజ్ క్యాష్‌లో కొత్త పేజీ కావాలి. ఆ పేజీని గ్రూపు లెక్కలో వేయబోతే పరిమితి నిండిపోయింది. ఖాళీ చేయించడానికీ ఏం లేదు. సరే, ఓఓఎం కిల్లర్‌ని పిలిచాడు. అది లెక్కలు చూసి సోముని ఎంచుకుని సిగ్నల్ పంపింది. రాము అక్కడే తిరుగుతూ ఉన్నాడు: సోము పోయాడా, లేదా, మళ్ళీ చూద్దాం.

సోము ఎక్కడున్నాడు? అదే ఫైల్ని ఖాళీ చేసి తెరవబోతూ, రాము చేతిలో ఉన్న అదే మ్యూటెక్స్ కోసం ఎదురుచూస్తున్నాడు. ఆ నిద్రని సిగ్నల్ కూడా లేపలేదు. మ్యూటెక్స్ చేతికొస్తేనే సోము లేస్తాడు, లేస్తేనే తనకి చావు రాసిపెట్టి ఉందని తెలుసుకుంటాడు, పోయాకే అతని పేజీలు తిరిగొస్తాయి, వస్తేనే రాము రాయడం పూర్తిచేసి మ్యూటెక్స్ వదులుతాడు. నువ్వు ముందంటే నువ్వు ముందు.

ఈ లోపు గ్రూపులో ఇంకెవరు పేజీ అడిగినా వాళ్ళూ వచ్చి క్యూలో పడుకుంటారు, తమ తమ చేతుల్లో ఉన్న లాక్‌లతో సహా. మెషీన్లో మాత్రం బోలెడన్ని జీబీలు ఖాళీగా పడి ఉండొచ్చు! నిజంగా మెమరీ లేక వచ్చిన ఇబ్బంది కాదిది. మనం రాసుకున్న లెక్క వల్ల కాగితం మీద పుట్టిన కరువు. దానికి నిజం ప్రాసెస్‌లు నిజంగానే స్తంభించిపోయాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి పుస్తకంలో బొమ్మ తీయండి. గుండ్రం నుంచి చదరానికి, చదరం నుంచి గుండ్రానికి బాణాలు. రాము దేనికోసం ఎదురుచూస్తున్నాడు? ఏ లాక్ కోసమూ కాదు. ఒక ప్రాసెస్ చావు కోసం. ఆ బాణాన్ని మన బొమ్మలో ఎక్కడ పెట్టాలి? లైనక్స్‌లో లాక్‌డెప్ అని గొప్ప కాపలాదారు ఉంది, 2006 నుంచీ ఉంది, 2.6.18 వెర్షన్‌లో వచ్చింది. ఎవరు ఏ లాక్ తర్వాత ఏ లాక్ తీసుకున్నారో రాసుకుంటూ పోయి, వరస తిరగబడే ప్రమాదం కనిపిస్తే నిజంగా ఇరుక్కోకముందే అరుస్తుంది. కానీ ఈ వలయంలో ఒక కొస అసలు లాకే కాదు. లాక్‌లని మాత్రమే చూసే కంటికి ఇది ఆనదు. లాక్ అని పేరున్నదాన్ని మాత్రమే డెడ్‌లాక్‌లో వెతకడం మనకి పుస్తకం చేసిన అలవాటు.

ఇంకో రకం ముడి కూడా ఉండేది. అది వింటే నవ్వొస్తుంది. అప్పట్లో అడ్మిన్ కావాలంటే ఓఓఎం కిల్లర్‌ని ఆపేసి, ఎవర్ని చంపాలో తన సొంత ప్రోగ్రామ్ నిర్ణయించేలా పెట్టుకోవచ్చు. ఆ ప్రోగ్రామ్ సరైన నిర్ణయం కోసం ప్రాక్ ఫైల్స్ తెరిచి ఒక్కొక్కరి మెమరీ వివరాలు చదువుతుంది. చదవాలంటే ఆ ప్రాసెస్ మెమరీ మ్యాప్ మీద లాక్ కావాలి. ఆ లాక్ చేతిలో పెట్టుకునే కదా వాడు క్యూలో పడుకున్నాడు! తీర్పు చెప్పడానికొచ్చిన పెద్దమనిషి కూడా అదే గదిలో ఇరుక్కుపోయాడన్నమాట.

దీన్ని విప్పింది యోహానెస్ వైనర్, 2013 నవంబర్లో వచ్చిన 3.12 వెర్షన్‌లో. చూస్తే ఆయన కొత్త లాక్ పెట్టలేదు, పాత లాక్‌ల వరసా మార్చలేదు. నిద్రపోయే చోటు మార్చాడు, అంతే. ప్రోగ్రామ్ తన మెమరీని తాకినప్పుడు పేజ్ ఫాల్ట్ వచ్చి, లెక్క దగ్గర ఇరుక్కుంటే, అక్కడే కూర్చోవద్దన్నాడు. ఓఓఎం తగిలిందని ఆ ప్రాసెస్ తన టాస్క్ వివరాల్లో ఒక ముక్క రాసుకుని, వచ్చిన దారినే వెనక్కి పోతూ ఒక్కో లాక్ వదిలేయాలి. చేతులు పూర్తిగా ఖాళీ అయ్యాక, ఫాల్ట్ చివర్లో, అప్పుడు చంపడమో ఎదురుచూడటమో చేయాలి. దీనివల్ల పోయేదేమీ లేదు, ఎందుకంటే ఫాల్ట్ తీరకపోతే ప్రాసెసర్ ఆ ఇన్‌స్ట్రక్షన్‌నే మళ్ళీ మొదట్నుంచి ప్రయత్నిస్తుంది. హోల్డ్ అండ్ వెయిట్‌ని తెంపడమంటే ఇది. పుస్తకంలో ఏముంది? అన్ని రిసోర్సులూ ముందే ఒక్కసారి అడిగేయాలి అని ఉంది. జరిగే పని కాదది. వెనక్కి వెళ్ళినా నష్టం లేని చోటు వెతికి పట్టుకోవడం జరిగే పని.

మరి రాము సంగతి? అతను ఫాల్ట్‌లో లేడు, ఫైల్ రాసే సిస్టమ్ కాల్ మధ్యలో ఉన్నాడు. సిస్టమ్ కాల్‌ని అలా ఊరికే వెనక్కి తిప్పలేం. అందుకని అక్కడ ఎవర్నీ చంపకుండా, మెమరీ లేదని ఈనోమెమ్ ఎర్రర్ ఇచ్చి పంపేశాడు. ముడి విడిపోయింది గానీ ఖర్చు ప్రోగ్రామ్ రాసేవాళ్ళ నెత్తిన పడింది. మెషీన్ మొత్తం మీద మెమరీ చాలకపోతే కెర్నెల్ ఎవర్నో ఒకర్ని చంపి సర్దేది, కంటైనర్ పరిమితి తగిలితే మాత్రం అదే కాల్ ఎర్రర్‌తో తిరిగొచ్చేది. అలాంటి ఎర్రర్ వస్తుందని ఊహించని ప్రోగ్రామ్‌లు వింతగా ప్రవర్తించేవి. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

నాకు ఈ కథలో బాగా నచ్చేది తర్వాత జరిగింది. 2016లో 4.6 వెర్షన్‌లో మిఖల్ హోచ్కో ఓఓఎం రీపర్ అనే థ్రెడ్‌ని తెచ్చాడు. చావు రాసిపెట్టిన ప్రాసెస్ తనంతట తాను లేచి మెమరీ అప్పజెప్పేదాకా ఆగకుండా, ఈ థ్రెడ్ వెళ్ళి దాని సొంత పేజీలు లాగేస్తుంది. ఎలాగూ పోయేవాడు, ఆ పేజీల్లో ఏముందో ఇక ఎవరూ చదవరు. నో ప్రీఎంప్షన్ అనే షరతు తెగింది చూశారా? బలవంతంగా లాక్కోవడం మామూలుగా తప్పు. లాక్కున్నా ఎవరికీ నష్టం లేదని తెలిసిన ఆ ఒక్క సందర్భంలో మాత్రం కాదు. ఇంకా ముచ్చటైన సంగతి, రీపర్ కూడా లాక్ కోసం పడుకోదు. దొరుకుతుందా అని అడుగుతుంది. దొరక్కపోతే సెకనులో పదో వంతు ఆగి మళ్ళీ అడుగుతుంది. పదిసార్లు చూసి, కుదరకపోతే ఇతన్ని వదిలేయండి, ఇంకొకర్ని చూసుకోండి అని పోతుంది.

రీపర్ ఉంది కాబట్టి, 2018లో 4.19లో అదే హోచ్కో ఓఓఎం కిల్లర్‌ని మళ్ళీ లెక్క వేసే దారిలోకే తెచ్చి పెట్టాడు. అంటే రాము మళ్ళీ మ్యూటెక్స్ చేతిలో పట్టుకునే సోము చావు కోసం చూడొచ్చు, ఎందుకంటే ఇప్పుడు సోము నిద్రలేవకపోయినా అతని పేజీలు వచ్చేస్తాయి. ఆ అకారణ ఈనోమెమ్‌లు తగ్గాయి. అడ్మిన్ తన ప్రోగ్రామ్‌తో నిర్ణయించుకునే పాత పద్ధతికి మాత్రం 2013 నాటి ఏర్పాటే ఉంచారు.

అయితే 2013లో చేసింది తప్పా? నేనైతే తప్పనను. ఆ రోజుకి ఆ షరతు తెంపడమే అందుబాటులో ఉన్న దారి. ఇంకో షరతు తెంపే పనిముట్టు తయారయ్యాక మొదటిదాన్ని మళ్ళీ ముడేసుకున్నారు. నాలుగు షరతులకి నాలుగు ధరలున్నాయి, ఆ ధరలు కాలంతో మారతాయి. మన జవాబు పత్రంలో నాలుగింటికీ సమానంగా మార్కులు వేస్తారు చూడండి, అక్కడ పోతోంది అసలు విషయం.

ఇదంతా ఎదురుచూడటం గురించి. లెక్క వేయడంలో కూడా ఇలాంటిదే ఇంకో గొడవ ఉండేది. మొదట్లో ప్రతి గ్రూపు లెక్కకీ ఒక స్పిన్‌లాక్. పేజీ పేరుకి ఒకటి కలపాలంటే ఆ లాక్, దాని పై గ్రూపు లాక్, ఆ పైది, ఇలా మెట్లెక్కుతూ పోవాలి. కోర్‌లు పెరిగేకొద్దీ అందరూ పై మెట్టు దగ్గర గుమిగూడతారు. 2015 ఫిబ్రవరిలో వచ్చిన 3.19లో వైనరే ఆ లాక్ పీకేసి అటామిక్ సంఖ్య పెట్టాడు. ముందు కలిపేయ్, కలిపాక పరిమితి దాటిందా చూడు, దాటితే తీసేయ్.

దీంట్లో చిన్న చిక్కుంది. పెద్ద పేజీ అడిగినవాడు కలిపి, దాటిందని తెలిసి, తీసేసేలోపు చిన్న పేజీ అడిగినవాడు వస్తే, నిజానికి చోటున్నా లేదనిపిస్తుంది. ఆ సంగతి కోడ్‌లోనే కామెంట్‌గా రాసిపెట్టారు. తప్పు ఎంతవరకు పోగలదో కూడా రాశారు: ఆ రెండు అడుగుళ్ళ మధ్య తేడా అంత, అంటే 2 లేదా 4 మెగాబైట్ల లోపు. అంత తప్పుకి జరిగేదల్లా ఒకరు కొంచెం ముందుగా పాత పేజీలు ఊడ్చుకోవడమే. నేను చదివిన కామెంట్లలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే. తప్పే ఉండదని చెప్పుకోకుండా తప్పుకి కొలత చెప్పారు.

దీని పక్కనే ఇంకో ఏర్పాటు ఉంది. అర్థం కావాలంటే మెషిన్లు రాని రోజుల్లో మన ఆర్టీసీ కండక్టర్‌ని తలుచుకోండి. టికెట్ టికెట్‌కీ డిపోకి పరిగెత్తడు. పొద్దున్నే టికెట్ల కట్టలు తీసుకెళ్ళి, దార్లో చింపి ఇచ్చుకుంటూ, రాత్రికి లెక్క అప్పజెప్తాడు. అలాగే ప్రతి సీపీయూ ఒక కట్ట పేజీలకి ముందే లెక్క రాయించుకుని దగ్గర పెట్టుకుంటుంది. చాలాకాలం కట్టకి 32 పేజీలు ఉండేవి, 2022లో 64 చేశారు. పేజీ 4 కిలోబైట్లయితే కట్ట 256 కిలోబైట్లు. 64 సీపీయూల మెషీన్లో అన్ని కట్టలూ ఒకే గ్రూపు పేర ఉంటే 16 మెగాబైట్లు వాడకుండానే వాడినట్టు లెక్కలో పడతాయి. 8 జీబీల కంటైనర్‌కి అది లెక్కలోకి రాదు, 20 మెగాబైట్లదానికి ప్రాణం పోయేంత. అందుకే పరిమితి తగలగానే, ఎవర్నైనా చంపేదాకా పోకముందే, కట్టలన్నీ వెనక్కి తెప్పించి మళ్ళీ చూస్తారు. ఈ లెక్క ఎప్పుడు తప్పినా ఎక్కువ చూపిస్తుంది గానీ తక్కువ చూపించదన్నది కూడా గమనించండి. పరిమితి కాపలాదారుకి అదే క్షేమం.

ఇక కొన్ని లాక్‌లకి మందు ఆ పని మానేయడమే. ఒక ప్రాసెస్‌ని ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి మారిస్తే, అది వాడిన పేజీల లెక్క కూడా వెంట తీసుకెళ్ళే సదుపాయం 2010లో పెట్టారు. దానివల్ల ఏ పేజీ గణాంకం రాసినా, రాసే క్షణంలో ఆ పేజీ గ్రూపు మారకుండా కాపాడుకోవాల్సి వచ్చింది. సీగ్రూప్ రెండో తరంలో ఆ సదుపాయం పెట్టనే లేదు. మొదటి తరంలో దాన్ని తీసేయడం 2025 జనవరిలో వచ్చిన 6.13 దాకా సాగింది. కొద్దిమంది వాడే సౌకర్యానికి అందరూ కట్టిన అద్దె అది.

ఇంతా విని, ఇవన్నీ ఎమ్‌టెక్ కబుర్లు, బీటెక్ పిల్లలకి నాలుగు షరతులు చాలు అనేవాళ్ళుంటారు. వాళ్ళకి నా జవాబు ఒకటే. రాము, సోముల కథ అర్థం కావడానికి పై చదువు అక్కర్లేదు, మీరు ఇప్పుడే చదివి అర్థం చేసుకున్నారు. ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలో డెడ్‌లాక్ అంటే ఏంటని అడిగితే అందరూ ఒకే పాట పాడతారు. ఒకసారి డెడ్‌లాక్ ఎలా విప్పారో చెప్పమంటే మౌనం. కెర్నెల్ కమిట్ మెసేజ్‌లు అందరికీ తెరిచే ఉన్నాయి. మంచి కమిట్ మెసేజ్ అంటే సమస్య ఏంటి, ఎవరు ఎక్కడ ఇరుక్కున్నారు, ఈ దారే ఎందుకు ఎంచుకున్నాం అని చెప్పే పేజీ. సెమినార్‌కి పీపీటీలో బ్యాంకర్స్ టేబుల్ దించే బదులు, ఒక కమిట్ తీసుకుని తెలుగులోనో ఇంగ్లీషులోనో పదిహేను నిమిషాలు చెప్పనివ్వండి.

ల్యాబ్‌లో కూడా బ్యాంకర్స్ ప్రోగ్రామ్ స్థానంలో ఒక గంట పని పెట్టొచ్చు, కొత్త సామాను అక్కర్లేదు, రూట్ పాస్‌వర్డ్ ఉన్న ఒక లైనక్స్ మెషీన్ చాలు. సీగ్రూప్ డైరెక్టరీలో కొత్త ఫోల్డర్ తెరవాలి. మెమరీ డాట్ మ్యాక్స్ ఫైల్లో 50 మెగాబైట్లు అని, స్వాప్ పరిమితిలో 0 అని రాయాలి. ఒక బ్యాష్ షెల్ తెరిచి దాని నంబర్ని ఆ గ్రూపులో వేయాలి. అందులోంచి 100 మెగాబైట్లు తీసుకునే చిన్న సీ ప్రోగ్రామ్ నడపాలి. ఊరికే మాలాక్ చేస్తే ఏమీ కాదు, ప్రతి పేజీలో ఒక బైటైనా రాయాలి, లెక్క పడేది అప్పుడే. సగం దార్లో ప్రోగ్రామ్ పోతుంది. షెల్‌ని అడిగితే 137 అంటుంది. మెమరీ డాట్ ఈవెంట్స్ ఫైల్ తెరిస్తే ఓఓఎం కిల్ అన్న వరసలో సున్నా ఉన్నచోట ఒకటి కనిపిస్తుంది.